1920 సవరణ, 1965 చట్టం: ఓటు హక్కు కాగితం మీద నుంచి కౌంటర్ దాకా

1962 ఆగస్టు 31న అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని ఇండియనోలా పట్టణ కోర్టు దగ్గరికి ఒక బస్సులో 18 మంది నల్లజాతి కూలీలు, కౌలుదారులు వచ్చారు. ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవాలని వాళ్ల ప్రయత్నం. వాళ్లలో ఫానీ లూ హేమర్ ఒకరు. వయసు 44. పత్తి తోటలో 18 ఏళ్లుగా పని చేస్తున్న మనిషి. కౌంటర్ వెనకున్న రిజిస్ట్రార్ ఆమె ముందు రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక సెక్షన్ పెట్టి, చూసి రాసి అర్థం చెప్పమన్నాడు. ఆ సెక్షన్ జరిగిపోయిన పనికి వెనక్కి వెళ్లి శిక్ష వేసే చట్టాల గురించి. వకీళ్లు తప్ప మరెవరూ చెప్పలేని సంగతి. ఆమె ఆ పరీక్ష తప్పింది. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సు ఆపి, బస్సు రంగు సరిగా లేదని డ్రైవరుకు జరిమానా వేశారు. ఆ సాయంత్రమే తోట యజమాని ఆమెను పని నుంచీ, ఉంటున్న ఇంటి నుంచీ వెళ్లగొట్టాడు.

రాజ్యాంగం మాటకొస్తే హేమర్‌కు ఆనాటికే ఓటు హక్కు ఉంది. జాతి కారణంగా ఓటు నిరాకరించకూడదని 15వ సవరణ 1870లోనే చెప్పింది. స్త్రీ అయినందున నిరాకరించకూడదని 19వ సవరణ 1920లో చెప్పింది. అప్పటికి ఆమెకు రెండేళ్లు నిండి మూడో ఏడు నడుస్తోంది. నల్లజాతి వారు ఓటు నమోదు చేసుకోవచ్చన్న సంగతి తనకు 1962 వరకు తెలియనే తెలియదని ఆమె తర్వాత చెప్పింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెతకు ఇంతకంటే కచ్చితమైన ఉదాహరణ దొరకదు. స్త్రీల ఓటు సవరణనూ 1964, 1965 పౌరహక్కుల చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఏ చట్టం ఏ హక్కు ప్రకటించిందన్నది ఒక్కటే సరిపోదు. ఆ కౌంటర్ వెనక కూర్చున్న మనిషి అధికారాన్ని ఏ చట్టం ఎంత తగ్గించిందన్నదే అసలు కొలత.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన దేశంలో ఓటర్ల జాబితా తయారు చేయడం ఎన్నికల సంఘం బాధ్యత. సిబ్బందే ఇంటింటికీ తిరుగుతారు. అమెరికాలో పేరు నమోదు చేసుకునే భారం ఎక్కువగా పౌరుడి మీదే ఉంటూ వచ్చింది. ఎవరు అర్హులు, ఎప్పటిలోగా నమోదు కావాలి, ఏం రుజువు చూపాలి అన్నవి రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. అమలు చేసేది కౌంటీ (మన జిల్లా లాంటిది) స్థాయి ఉద్యోగి. హక్కు దేశం ఇస్తుంది, తలుపు తాళం మాత్రం కౌంటీ చేతిలో ఉంటుంది. జాబితా రాసే చోట ఏం జరుగుతుందో మనకూ తెలియనిది కాదు. మన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో, 1951-52లో, సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని రాయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల నమోదు చెల్లలేదు.

రెండు వాక్యాల సవరణ

19వ సవరణ ఇంగ్లీషు మూలంలో 39 పదాలే. మొదటి వాక్యం: స్త్రీ పురుష భేదం కారణంగా ఓటు హక్కును కేంద్రం గానీ ఏ రాష్ట్రం గానీ నిరాకరించకూడదు, కుదించకూడదు. రెండో వాక్యం: దీని అమలుకు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) తగిన చట్టం చేయవచ్చు. స్త్రీల హక్కుల కోసం సెనెకా ఫాల్స్ సభ 1848లో జరిగింది. సవరణ ప్రతిపాదన కాంగ్రెస్ ముందుకు 1878లో వచ్చింది. ప్రతినిధుల సభ దాన్ని 1919 మే 21న, సెనేట్ జూన్ 4న ఆమోదించాయి. నాటి 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. 1920 ఆగస్టు 18న 36వ రాష్ట్రంగా టెనెసీ ఒప్పుకుంది. అక్కడి శాసనసభలో హ్యారీ బర్న్ అనే 24 ఏళ్ల సభ్యుడు తల్లి రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని మనసు మార్చుకోవడంతో ఫలితం తేలింది.

ఆ రెండో వాక్యం కింద అమలు చట్టం ఏదీ రాలేదు. నమోదు గడువులు, ఓటు పన్ను, అక్షరాస్యత పరీక్ష, నివాస షరతులు అన్నీ రాష్ట్రాల చేతిలోనే ఉండిపోయాయి. ఫలితం మొదటి ఎన్నికలోనే కనిపించింది. జార్జియా, మిసిసిపీ రాష్ట్రాల్లో ఎన్నికకు నెలల ముందే నమోదు గడువు ముగుస్తుంది. సవరణ ఆగస్టులో అమల్లోకి వచ్చింది, గడువు అప్పటికే దాటింది. పొడిగించడానికి ఆ ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. అలా ఆ రెండు రాష్ట్రాల స్త్రీలు, తెల్లజాతి స్త్రీలతో సహా, 1920 నవంబరు అధ్యక్ష ఎన్నికలో ఓటు వేయలేకపోయారు. మిసిసిపీ ఆ సవరణను లాంఛనంగా ఆమోదించింది 1984లో.

మిగతా చోట్ల పరిస్థితి రాష్ట్రానికో తీరు. 10 రాష్ట్రాల నాటి ఓట్ల లెక్కలను ఇటీవలి పరిశోధకులు తిరిగి అంచనా కట్టారు. అర్హులైన స్త్రీలలో మూడో వంతుకు కాస్త పైగా, పురుషుల్లో మూడింట రెండు వంతులు ఓటు వేసినట్టు తేలింది. అయితే ఈ సగటు కంటే లోపలి తేడా ఎక్కువ చెబుతుంది. కెంటకీలో స్త్రీలు సగానికి పైగా ఓటేశారు. పక్కనే ఉన్న వర్జీనియాలో పదో వంతు కూడా వేయలేదు. సవరణ ఒకటే, ఏడాది ఒకటే. కెంటకీలో రెండు పార్టీల మధ్య గట్టి పోటీ ఉంది, నమోదుకు పెద్ద అడ్డంకులు లేవు. వర్జీనియాలో ఒకే పార్టీ రాజ్యం, దానికి తోడు పరీక్ష, ఓటు పన్ను. స్త్రీలకు రాజకీయాల మీద ఆసక్తి లేదని అప్పటి పత్రికలు తేల్చేశాయి. ఆ మాటను ఇప్పటికీ కొందరు తిరిగి చెబుతుంటారు. కెంటకీ అంకె ఒక్కటే దాన్ని కొట్టేయడానికి చాలు.

ఓటు పన్ను స్త్రీల మీద ఎలా పని చేసిందో దగ్గరగా చూడాలి. వర్జీనియాలో ఏడాదికి డాలరున్నర. మూడేళ్ల పన్ను కట్టి ఉండాలి, అదీ ఎన్నికకు ఆరు నెలల ముందే. అలబామాలో కూడా డాలరున్నరే, కానీ కట్టని ఏళ్లన్నీ పేరుకుపోయేవి. గరిష్ఠంగా 36 డాలర్ల దాకా బాకీ నిలిచేది. కౌలు రైతు ఇంట్లో ఏడాదంతా కష్టపడితే చేతికొచ్చే నగదే అంతంత మాత్రం. ఇంట్లో ఒక్కరి పన్నే కట్టగలిగితే అది భర్తదే అయ్యేది. అలబామా 1953లో ఈ పేరుకుపోయే పద్ధతిని రెండేళ్లకు కుదించినప్పుడు కొత్తగా జాబితాకెక్కిన వారిలో తెల్లజాతి స్త్రీలే ఎక్కువ. జార్జియా తెలివి ఇంకొకటి. ఓటుకు నమోదు చేసుకోని స్త్రీలకు అక్కడ పన్ను మినహాయింపు ఉండేది. ఓటు వద్దనుకున్న స్త్రీకి ఖర్చు లేదు, కావాలన్న స్త్రీకి ఖర్చు తప్పదు. 19వ సవరణకు ఇది విరుద్ధమని ఒక పురుషుడు వేసిన కేసును సుప్రీంకోర్టు 1937లో కొట్టేసింది.

నల్లజాతి స్త్రీల సంగతి వేరే చెప్పాలి. 1920 శరత్కాలంలో ఫ్లోరిడాలో వాళ్లు ఉత్సాహంగా నమోదుకు వెళ్లారు. డేటోనాలో నల్లజాతి విద్యావేత్త మేరీ మెక్లియడ్ బెథూన్ పాఠాలు చెప్పి మరీ పేర్లు రాయించారు. అదే రాష్ట్రంలోని ఓకోయీలో ఎన్నిక రోజు, నవంబరు 2న, ఓటు వేయబోయిన నల్లజాతి వ్యక్తిని వెనక్కి తరిమేశారు. ఆ రాత్రి మూక ఊళ్లోని నల్లజాతి ఇళ్లను తగలబెట్టింది, జూలై పెర్రీ అనే రైతును ఉరితీసింది. 1921 ఫిబ్రవరిలో 14 రాష్ట్రాల నుంచి వచ్చిన 60 మంది నల్లజాతి స్త్రీలు నేషనల్ విమెన్స్ పార్టీ నాయకురాలు ఆలిస్ పాల్‌ను కలిసి, దక్షిణాదిలో తమ ఓటు హక్కు ఎలా కాలరాస్తున్నారో విచారణ జరిపించాలని కోరారు. అది జాతి సమస్య, స్త్రీ సమస్య కాదని ఆమె పక్కన పెట్టారు. ఆ జవాబు ఖరీదు 44 ఏళ్లు. ఉద్యమం తన సొంత చట్టాన్ని అమలు దాకా తీసుకెళ్లకుండా వదిలేసిన క్షణం అదే.

పౌరసత్వమే లేని వారిని 19వ సవరణ తాకనే లేదు. ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో వచ్చింది, అరిజోనా, న్యూమెక్సికోల్లో ఓటు మాత్రం కోర్టు తీర్పులతో 1948లో దక్కింది. భారతీయులు పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో తేల్చింది. పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుణ్ని పెళ్లాడితే అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కోల్పోయే నియమం 1922 కేబుల్ చట్టంలో ఉంది. అంటే భారతీయుణ్ని పెళ్లి చేసుకున్న అమెరికన్ స్త్రీ 1920లో సంపాదించిన ఓటును పెళ్లితోనే పోగొట్టుకునేది. ఆ నియమం 1931 దాకా నిలిచింది.

అయినా 1920 సవరణను తక్కువ చేయడం తప్పు. ఓటేసేవాళ్లు కొద్దిమందే అయినా చట్టసభలు వాళ్లకు భయపడ్డాయి. మరుసటి ఏడాదే షెపర్డ్ టౌనర్ చట్టం వచ్చింది. గర్భిణులు, శిశువుల ఆరోగ్యానికి కేంద్రం డబ్బిచ్చిన తొలి పథకం అది. కొన్ని రాష్ట్రాలు సవరణ కంటే ముందే స్త్రీలకు ఓటిచ్చాయి గనుక, ఆ తేదీల తేడాను ఆధారం చేసుకుని పరిశోధకులు ప్రభావాన్ని విడదీసి చూడగలిగారు. 2008లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం స్త్రీల ఓటు వచ్చాక స్థానిక ప్రజారోగ్య ఖర్చు పెరిగింది, పిల్లల మరణాలు 8 నుంచి 15 శాతం తగ్గాయి. ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం, పాలు మరగబెట్టడం, చేతులు కడుక్కోవడం వంటి విషయాలపై ఇంటింటికీ ప్రచారం జరగడమే దీనికి ప్రధాన కారణం. కానీ స్త్రీలు ఒక్క మూటగా ఓటెయ్యరని నాయకులకు కొన్నేళ్లలో అర్థమైంది. 1929లో ఆ పథకానికి నిధులు ఆగిపోయాయి.

యంత్రంలా రాసిన చట్టం

1965 ఓటు హక్కుల చట్టం పూర్తిగా వేరే రకం. దాన్ని రాసినవాళ్లు అప్పటికే ఓడిపోయి ఉన్నారు. 1957, 1960, 1964 చట్టాలు అన్యాయం జరిగిన చోట ప్రభుత్వం దావా వేయవచ్చన్నాయి. కొన్ని కేసులకు నమోదు పుస్తకాలు వెతకడానికే 6,000 పని గంటల దాకా పట్టేవి. గెలిచినా కౌంటీ వాళ్లు పరీక్ష మార్చేవాళ్లు, లేదా కార్యాలయం మూసేవాళ్లు. అలబామాలో సెల్మా పట్టణం ఉన్న డల్లస్ కౌంటీలో ఓటు వయసు నల్లజాతి వారు సుమారు 15,000. నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక జాబితాలో వాళ్ల సంఖ్య 156 నుంచి 383కి పెరిగింది. లూసియానాలో వాక్ స్వాతంత్ర్యం గురించి అడిగితే తప్పుల తడకగా మూడు ముక్కలు రాసిన తెల్లజాతి దరఖాస్తుదారు పాసయ్యాడు. మిసిసిపీలో దరఖాస్తు పెట్టుకున్న వాళ్ల పేర్లు స్థానిక పత్రికలో రెండు వారాలు ప్రకటించాలని 1962లో చట్టం చేశారు. ఎవరిని పనిలోంచి తీసేయాలో యజమానులకు ఆ ప్రకటనతోనే తెలిసేది.

కాబట్టి 1965 ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం మూడు పనులు ఒకేసారి చేసింది. మొదటిది, పక్షపాతం ఉందో లేదో నిరూపించే పని లేకుండా లెక్కతోనే దోషిని గుర్తించడం: 1964 నవంబరు 1 నాటికి పరీక్ష లాంటి అడ్డంకి పెట్టి, ఆ నెల ఎన్నికలో నమోదు గానీ ఓటింగు గానీ 50 శాతం లోపు ఉన్న ప్రాంతం చట్టం పరిధిలోకి వచ్చినట్టే. రెండోది, ఆ ప్రాంతాల్లో పరీక్షలు వెంటనే రద్దు. అవసరమైన చోట కేంద్ర ఉద్యోగులే కూర్చుని పేర్లు రాసుకుంటారు. మూడోది అన్నిటికంటే తెలివైనది. ఆ ప్రాంతాలు ఎన్నికల నియమం ఏది మార్చాలన్నా, పోలింగ్ కేంద్రం ఒక వీధి నుంచి ఇంకో వీధికి జరపాలన్నా, ముందుగా న్యాయశాఖకు గానీ వాషింగ్టన్ కోర్టుకు గానీ చూపించి అనుమతి తీసుకోవాలి. న్యాయశాఖకు 60 రోజుల గడువు. హాని లేదని రుజువు చేసే భారం మార్చాలనుకున్న వాళ్లదే. అంతవరకు బాధితుడు కోర్టు ఖర్చు పెట్టుకుని తిరిగేవాడు. ఇప్పుడు తిరగడం అధికారుల వంతైంది.

ఫలితం నెలల్లోనే కనిపించింది. 1965 చివరికల్లా రెండున్నర లక్షల మంది నల్లజాతి ఓటర్లు కొత్తగా చేరారు. వారిలో మూడో వంతును నమోదు చేసింది కేంద్ర ఉద్యోగులే. మిగతా రెండు వంతులను స్థానిక అధికారులే రాసుకున్నారు. కేంద్రం మనిషి వచ్చి పక్కన కూర్చుంటాడన్న భయమే సగం పని చేసింది. మిసిసిపీలో నల్లజాతి నమోదు 6.7 శాతం నుంచి 1967 నాటికి 59.8 శాతానికి పెరిగింది. అలబామాలో 19.3 నుంచి 51.6కు చేరింది.

హేమర్ సంగతికి వస్తే, ఆమె 1963 జనవరిలో మళ్లీ వెళ్లి పరీక్ష గట్టెక్కింది. తీరా ఓటెయ్యబోతే రెండేళ్ల ఓటు పన్ను రశీదులు లేవన్నారు. కేంద్ర ఎన్నికల్లో ఓటు పన్నును 1964లో 24వ సవరణ తీసేసింది. రాష్ట్ర ఎన్నికల్లో సుప్రీంకోర్టు 1966లో కొట్టేసింది. ఆ కేసు వర్జీనియాది, అదే డాలరున్నర పన్ను. 1920లో వర్జీనియా స్త్రీలను ఆపిన పన్ను పోవడానికి పౌరహక్కుల ఉద్యమం కావలసి వచ్చింది. దక్షిణాది తెల్లజాతి పేద స్త్రీలు కూడా ఆ ఉద్యమం వల్లే లాభపడ్డారన్న సంగతి చరిత్ర పాఠాల్లో ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉంది.

ఓటు దాటి

ఓటు వచ్చినంత మాత్రాన మిగతా హక్కులు వాటంతట అవి రాలేదు. జ్యూరీలో కూర్చోవడం పౌరుడి బాధ్యత అనుకుంటాం. స్త్రీలు తమంతట తాము అడిగితేనే జ్యూరీ జాబితాలో పెడతామన్న ఫ్లోరిడా నియమాన్ని సుప్రీంకోర్టు 1961లో కూడా సమర్థించింది. అది మారింది 1975లో. ఉద్యోగం విషయంలో స్త్రీలకు 1920 ఇవ్వనిది 1964 ఇచ్చింది. పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయంలో స్త్రీ పురుష వివక్ష అన్న మాటను చేర్చిన సవరణ 1964 ఫిబ్రవరి 8న ప్రతిపాదనకు వచ్చింది. తెచ్చింది వర్జీనియాకు చెందిన హోవర్డ్ స్మిత్, పౌరహక్కుల బిల్లుకు బద్ధ వ్యతిరేకి. 168 మంది ఔనన్నారు, 133 మంది కాదన్నారు. చట్టంలో మాట చేరాక కూడా అమలు సంస్థ దాన్ని తేలిగ్గా తీసుకుంది. పురుషుల ఉద్యోగాలు, స్త్రీల ఉద్యోగాలు అని పత్రికల్లో విడివిడిగా ప్రకటనలు వేయడాన్ని కొన్నేళ్లు అనుమతించింది. 1966లో జాతీయ స్త్రీల సంస్థ ఏర్పడి ఒత్తిడి తెచ్చాక, 1968లో ఆ పద్ధతి మార్చింది.

జాతి వివక్ష విషయంలో అదే చట్టం ఆరో అధ్యాయం మరింత వేగంగా పని చేసింది, దాని వెనక డబ్బు ఉంది కాబట్టి. కేంద్రం నిధులు తీసుకునే సంస్థ వివక్ష చూపకూడదు. 1966 జూలైలో వృద్ధుల వైద్య పథకం మెడికేర్ మొదలైంది. ఆ డబ్బు కావాలంటే ఆసుపత్రి నల్లజాతి రోగులను అవే వార్డుల్లో చేర్చుకోవాలి. దశాబ్దాలుగా మారని ఆసుపత్రులు నెలల్లో మారాయి. విరేచనాలు, న్యుమోనియా లాంటి వాటితో చనిపోయే నల్లజాతి పసిపిల్లల సంఖ్య ఆ తర్వాతి ఏళ్లలో దక్షిణాదిలో బాగా తగ్గింది. 1920 తర్వాత స్త్రీల ఓటుకు భయపడి పెట్టిన ఖర్చు పిల్లల్ని బతికించింది. 1966లో నిధులు పోతాయన్న భయం బతికించింది.

ఏది ఎక్కువ నిలిచింది

వేగంలో 1965 గెలుస్తుంది. స్త్రీల ఓటింగు శాతం పురుషులతో సమానమై దాటడానికి 1920 నుంచి 1980 దాకా, 60 ఏళ్లు పట్టింది. మిసిసిపీ నమోదు రెండేళ్లలో మారింది. పోలిక జాగ్రత్తగా చేయాలి. మిసిసిపీలో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి జనాన్ని సిద్ధం చేసిన కార్యకర్తలు అప్పటికే ఉన్నారు. తలుపు తెరిచేసరికి బయట వరస ఉంది. 1920లో చాలా చోట్ల తలుపు తెరిచాక వరసను కూడగట్టాల్సి వచ్చింది. సంఖ్యలో 1920దే పెద్ద మార్పు. దేశంలోని సగం జనాభా అర్హత మారిపోయింది.

నిలకడలో లెక్క తారుమారవుతుంది. 19వ సవరణ ఒక నిషేధం. దాన్ని నడిపించే సిబ్బంది అక్కర్లేదు, గడువు లేదు, పునరుద్ధరించే పని లేదు. 1965 చట్టంలోని యంత్రానికి గడువు ఉంది. 1970, 1975, 1982, 2006ల్లో పొడిగిస్తూ వచ్చారు. 2006లో సెనేట్ 98-0తో 25 ఏళ్లకు పొడిగించింది. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ 50 శాతం సూత్రం పాతబడిందని కొట్టేసింది. సూత్రం పోతే ముందస్తు అనుమతి దాదాపు ఎవరికీ వర్తించదు. టెక్సస్ అదే రోజు తన ఓటరు గుర్తింపు కార్డు చట్టాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. 2012లో నల్లజాతి ఓటింగు 66 శాతం, తెల్లజాతిది 64. 2020లో 63, 71. ఈ తేడా అంతా ఒక్క తీర్పు వల్లనే అనలేం, 2012లో పోటీలో ఉన్నది ఒబామా. అయినా ముందస్తు అనుమతి ఉన్నప్పుడు నియమం పుట్టకముందే పరిశీలన జరిగేది. ఇప్పుడు నియమం అమలైపోయి, ఎన్నిక జరిగిపోయి, ఏళ్ల తర్వాత తీర్పు వస్తుంది. అలబామా నియోజకవర్గాల హద్దుల కేసే దానికి సాక్ష్యం. 2021లో గీసిన హద్దులు వివక్షాపూరితమని కింది కోర్టు 2022 జనవరిలోనే చెప్పింది, సుప్రీంకోర్టు 2023లో సమర్థించింది. ఈ మధ్యలో 2022 నవంబరు ఎన్నిక ఆ హద్దులతోనే జరిగిపోయింది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర పరాయిది కాదు. ఓటు హక్కుల చట్టం మీద సంతకం పడ్డాక రెండు నెలలు తిరక్కుండానే, 1965 అక్టోబరు 3న, జాతి మూలాన్ని బట్టి వలస కోటాలు నిర్ణయించే పద్ధతిని రద్దు చేసిన చట్టం వచ్చింది. అంతకు ముందు భారతదేశానికి ఏడాదికి సుమారు 100 మంది కోటా. నేడు టెక్సస్‌లో, న్యూజెర్సీలో, జార్జియాలో పౌరసత్వం తీసుకుని ఓటేస్తున్న తెలుగువాళ్లు ఆ కాంగ్రెస్ తెరిచిన తలుపులోంచే వచ్చారు. జార్జియాలో, టెక్సస్‌లో వాళ్లు తొలిసారి ఓటు నమోదుకు వెళ్లే కౌంటీ కార్యాలయాలు 2013 వరకు ముందస్తు అనుమతి పరిధిలో ఉన్నవే.